పాత కారు, కొత్త దేశం: గోదావరి డెల్టా వలసదారుల అనుభవంలో నమ్మకం, యాజమాన్యం, బీమా

పరిశోధన సంగ్రహం:
గోదావరి డెల్టా నుండి అమెరికాకు వెళ్ళిన విద్యార్థులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు తొలి నెలల్లోనే ఎదుర్కొనే వ్యవహారం తక్కువ ధరకు పాత కారు కొని బీమా చేయించుకోవడం. పైకి ఇది వ్యక్తిగతమైన కొనుగోలుగా కనిపించినా, మనిషిని బట్టి నమ్మే వ్యవస్థ నుండి పత్రాన్ని బట్టి నమ్మే వ్యవస్థకు జరిగే ప్రయాణం ఇందులో ఉంది. భారత మోటారు చట్టాల చరిత్రను, అమెరికా బీమా నిబంధనలను పక్కపక్కన ఉంచి ఆ ప్రయాణాన్ని పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: గోదావరి డెల్టా, వలస, సెకండ్‌హ్యాండ్ కారు, మోటారు వాహనాల చట్టం, థర్డ్ పార్టీ బీమా, యాజమాన్య బదిలీ.

1. ఉపోద్ఘాతం:
అమెరికా ఆర్థికవేత్త జార్జ్ ఆకర్లాఫ్ 1970లో పాత కార్ల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుని ఒక వ్యాసం ప్రచురించాడు. కారులోని లోపం అమ్మేవాడికి తెలుసు, కొనేవాడికి తెలియదు. అందువల్ల కొనేవాడు ప్రతి కారునూ అనుమానించి తక్కువ ధరే చెబుతాడు. ఆ ధరకు మంచి కారున్నవాడు అమ్మడానికి ఇష్టపడడు. చివరకు నాసిరకం కార్లే అమ్మకానికి మిగులుతాయి. ఇదే వ్యాసంలో ఆయన వృద్ధులకు బీమా దొరకకపోవడాన్ని, భారతదేశంలోని గ్రామీణ వడ్డీవ్యాపారాన్ని కూడా చర్చించాడు. ఎవరు అప్పు తీరుస్తారో స్థానిక వడ్డీవ్యాపారికి తెలుసు. బయటినుండి వచ్చినవాడికి తెలియదు. ఈ కృషికి ఆయనకు 2001లో నోబెల్ పురస్కారం లభించింది. పాత కారు, బీమా, తెలిసిన మనిషి అనే మూడు అంశాలు ఒకేచోట కలిసిన ఈ చర్చ డెల్టా వలసదారుని స్థితిని అర్థం చేసుకోవడానికి ఉపకరిస్తుంది.

2. డెల్టాలో బేరం – మనిషిని బట్టి నమ్మకం:
1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన తరువాత కాలువల కింద విస్తరించిన వ్యవసాయం డెల్టాలో ధాన్యం, పశువులు, భూమి బేరాలను పెంచింది. పశువుల సంతలో ఎద్దు వయసును పళ్ళు చూసి లెక్కగట్టేవారు. తువాలు కింద వేళ్ళు పట్టుకుని ధర కుదుర్చుకునేవారు. అయితే పళ్ళు చెప్పని విషయం మధ్యవర్తి మాట చెప్పాలి. ఆ మధ్యవర్తి మళ్ళీ వచ్చే సంతకూ అక్కడే ఉండవలసినవాడు కనుక అతని మాటకు విలువ ఉండేది.

మోటారు వాహనాలు పెరిగినప్పుడు ఈ పద్ధతి వాటికీ వర్తించింది. 1974లో రాజమండ్రి–కొవ్వూరుల మధ్య రోడ్డు కం రైలు వంతెన ప్రారంభమై రెండు గోదావరి జిల్లాల మధ్య రాకపోకలు సులభమయ్యాయి. 1983 డిసెంబరులో మారుతి 800 విడుదల కావడంతో కారు మధ్యతరగతికి చేరువైంది. పాత బండి కొనేవాడు తెలిసిన మెకానిక్‌ను వెంటబెట్టుకుని వెళ్ళడం, అమ్మేవాడి ఊరూ కుటుంబమూ విచారించడం పరిపాటి. నంబరు ప్లేటు కూడా ఈ పరిచయంలో భాగమే: ఏపీ 05 అంటే తూర్పుగోదావరి, ఏపీ 37 అంటే పశ్చిమగోదావరి. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 రావడంతో ఆ గుర్తు కొత్త బండ్లకు లేకుండా పోయింది.

3. పత్రాల ప్రవేశం – భారత చట్టాలు:
దేశమంతటికీ వర్తించే తొలి మోటారు వాహనాల చట్టం 1914లో వచ్చింది. 1939 చట్టం థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసింది. ఆ నిబంధన 1946 జూలై 1 నుండి అమలైంది. దాని ఉద్దేశం వాహన యజమానిని కాపాడడం కాదు, రోడ్డు మీద గాయపడినవాడికి పరిహారం దక్కేలా చూడడం. సాధారణ బీమా రంగాన్ని 1972 చట్టంతో జాతీయం చేసి, 107 సంస్థలను నాలుగు ప్రభుత్వ కంపెనీల కిందికి తెచ్చారు. 1999 చట్టంతో ఈ రంగం ప్రైవేటు సంస్థలకు మళ్ళీ తెరుచుకుంది.

1989 జూలై 1 నుండి అమలైన 1988 చట్టంలో పాత కారు కొనేవారికి రెండు సెక్షన్లు కీలకం. సెక్షన్ 50 ప్రకారం బండి చేతులు మారిన సంగతి రవాణా శాఖకు తెలపాలి. కొన్నవాడికి ఇందుకు 30 రోజుల గడువు ఉంది. సెక్షన్ 157 ప్రకారం బండితోపాటు బీమా కూడా బదిలీ అయినట్టే భావిస్తారు. అయితే ఈ బదిలీ థర్డ్ పార్టీ బాధ్యతకే పరిమితమని, బండికి కలిగే నష్టానికి వర్తించదని 1995లో కంప్లీట్ ఇన్సులేషన్స్ కేసులో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. పాలసీ తన పేరుకు మారకుండానే కారుకు సొంత నష్టపరిహారం వస్తుందనుకున్న కొనుగోలుదారుకు చట్టంలో ఆధారం లేదు.

4. వలస – కొత్తవాడి తొలి కారు:
అమెరికా 1965 వలస చట్టం వైద్యులు, ఇంజనీర్ల వంటి నిపుణులకు దారి తెరిచింది. తొలి తరం తెలుగువారు 1977లో తానా సమావేశం జరుపుకునేనాటికి అక్కడ కొంత స్థిరపడ్డారు. 1990 చట్టంతో ఏర్పడిన హెచ్–1బి వీసాల వార్షిక పరిమితి మొదట 65,000. 2001 నుండి 2003 వరకు అది 1,95,000కు పెరిగింది. సాఫ్ట్‌వేర్ తరం పెద్దయెత్తున వెళ్ళినది ఈ కాలంలోనే.

మహానగరాల్ని మినహాయిస్తే అక్కడ బస్సు సౌకర్యం తక్కువ. కారు లేనిదే ఉద్యోగానికి చేరడం కష్టం. తొలి జీతం రాకముందే కారు కొనాలి గనుక పాత కారే గతి. డెల్టాలో మెకానిక్ చేసిన పనిని ఇక్కడ ముందుగా వచ్చిన మిత్రుడు, దూరపు బంధువు, కళాశాల సీనియర్ చేయవలసి వస్తుంది. అయితే వారికి తెలిసింది కొత్తవాడి గురించే, కారు గురించి కాదు.

ఆ లోటును పూడ్చడానికి అమెరికా చట్టాలు పత్రాన్ని ఆశ్రయించాయి. ఓడోమీటరు తిప్పి మైళ్ళు తగ్గించడాన్ని 1972 ఫెడరల్ చట్టం నిషేధించింది. 1985 నుండి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, పాత కార్ల డీలరు వారంటీ ఉన్నదీ లేనిదీ తెలిపే పత్రాన్ని కారు అద్దానికి అతికించాలి. అయితే వ్యక్తి నేరుగా వ్యక్తికి అమ్మే కారుకు ఈ నిబంధన వర్తించదు. చౌకైన కార్లు ఎక్కువగా దొరికేది అక్కడే కావడం గమనార్హం.

5. బీమా – గతం లెక్కకు రాని మనిషి:
మసాచుసెట్స్ రాష్ట్రం 1925లో చట్టం చేసి, 1927 నుండి మోటారు బీమాను తప్పనిసరి చేసింది. తరువాత దాదాపు అన్ని రాష్ట్రాలూ ఆ దారి పట్టాయి. న్యూహాంప్‌షైర్ మాత్రం నేటికీ మినహాయింపు. కాలిఫోర్నియాలో 1967 నుండి మారని కనీస బాధ్యత మొత్తాలు 2025లో పెరిగాయి: ఒక వ్యక్తి గాయానికి 15,000 డాలర్ల నుండి 30,000కు, ఆస్తి నష్టానికి 5,000 నుండి 15,000కు.

ప్రీమియం నిర్ణయంలో డ్రైవింగ్ రికార్డు, అనుభవం ముఖ్యాంశాలు. చాలా రాష్ట్రాల్లో అప్పుల చెల్లింపు చరిత్రను కూడా చూస్తారు. కాలిఫోర్నియా, హవాయి, మసాచుసెట్స్ దానిని అనుమతించవు. రాజమండ్రిలో పదేళ్ళు ప్రమాదం లేకుండా కారు నడిపినవాడైనా, అనేక కంపెనీల లెక్కలో నిన్న లైసెన్సు తీసుకున్నవాడే. అతని గతం చెడ్డది కాదు, వారి పుస్తకాల్లో లేదు. ఆ లేకపోవడానికే అతడు ఎక్కువ ధర చెల్లిస్తాడు. పాత కారు విషయంలో కారు గతం కొనేవాడికి తెలియదు. బీమా విషయంలో కొనేవాడి గతం కంపెనీకి తెలియదు. ఒకే వ్యవహారంలో కొత్తవాడు అనుమానించేవాడూ అవుతాడు, అనుమానితుడూ అవుతాడు.

6. పేరు మార్పు – అసలు ప్రమాదం:
డబ్బు చేతులు మారినా సి-బుక్కులో పేరు మారకుండా బండి తిరగడం మన ప్రాంతంలో అరుదు కాదు. తెలిసినవాడే కదా అన్న నమ్మకం దీనికి మూలం. 2018లో నవీన్ కుమార్ వర్సెస్ విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు ఈ నమ్మకానికి చట్టపరమైన ఫలితాన్ని స్పష్టం చేసింది. బండి వరుసగా పలువురి చేతులు మారినా, రిజిస్ట్రేషనులో పేరున్నవాడే యజమాని, పరిహార బాధ్యత అతనిదే. ప్రమాద బాధితుడు ఒకరి తరువాత ఒకరిగా కొన్నవారిని వెతుక్కుంటూ తిరగకూడదన్నది ఇందులోని న్యాయం.

కాలిఫోర్నియాలో అమ్మినవాడు 5 రోజుల్లో, కొన్నవాడు 10 రోజుల్లో మోటారు వాహనాల శాఖకు తెలపాలి. స్నేహం మీద ఆధారపడే కొత్తవాడు ఇక్కడే చిక్కుల్లో పడవచ్చు. ప్రీమియం తగ్గుతుందని మిత్రుడి పేరు మీదే కారును, బీమాను ఉంచి, నిత్యం నడిపేది తానేనన్న సంగతి కంపెనీకి చెప్పకపోతే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిము తిరస్కరణకు గురయ్యే అవకాశం ఉంది. అప్పుడు మిత్రుడు చేసిన సహాయమే అతని మెడకు చుట్టుకుంటుంది.

7. ముగింపు:
వలసదారుల బంధుమిత్ర సంబంధాలు గది, ఉద్యోగం, చేబదులు సమకూర్చడంలో సమర్థమైనవి. కారు లోపాన్ని గుర్తించడంలోనూ, ప్రమాద బాధ్యతను మోయడంలోనూ అవి పత్రానికి ప్రత్యామ్నాయం కాలేవు. డెల్టాలో మనిషి మాట చెల్లుబాటయ్యింది అతడు అక్కడే ఉంటాడు కనుక. అమ్మినవాడూ కొన్నవాడూ రేపు ఎక్కడుంటారో తెలియని చోట, ముక్కూ మొహం తెలియని బాధితునికి జవాబు చెప్పేది రిజిస్ట్రేషను పత్రమూ బీమా పాలసీయే. ఈ సూత్రం అమెరికాకు ఎంత వర్తిస్తుందో, రాజమండ్రి–కొవ్వూరు వంతెన మీద పాత యజమాని పేరుతో నడిచే బండికీ అంతే వర్తిస్తుంది.