చుట్టకో గది, పొగకో దారి

1890లో వచ్చిన షెర్లాక్ హోమ్స్ నవల ‘ది సైన్ ఆఫ్ ఫోర్’ చదివిన మిత్రుల్లో చాలామంది ఒక మాటను గమనించకుండా దాటేసి ఉంటారు. పొగాకు బూడిదను బట్టి నేరస్థుణ్ణి ఎలా పట్టుకోవచ్చో వాట్సన్‌కు చెబుతూ హోమ్స్ ‘లంకా’ అనే ఇండియా చుట్టను ఉదాహరణగా ఇస్తాడు. అది మన గోదావరి లంకే. ఒండ్రు మేటవేసిన లంకభూముల్లో పండే ఘాటు పొగాకుతో చేసిన ఆ చుట్టలంటే మద్రాసు ప్రెసిడెన్సీలోని దొరలకు మహా ప్రీతి. వారి వాడుక మాటల నిఘంటువు ‘హాబ్సన్-జాబ్సన్’లోకి కూడా ఆ పేరు ఎక్కింది.

సరే, చుట్ట లండన్ చేరింది. మరి దాన్ని ఎక్కడ కూర్చుని కాల్చారు? మన ఊళ్లలో ఇది ప్రశ్నే కాదు. వీధి అరుగు ఉంది, చెట్టు నీడ ఉంది, కాలువ గట్టు ఉంది. ఏడాదిలో సగం చలీ వానా ఉండే దేశంలో ఆరుబయట గంటసేపు కూర్చోవడం కుదరదు. ఇంట్లో కాలిస్తే తెరలకూ తివాచీలకూ పట్టిన వాసన వారం దాకా వదలదు. ఈ చిక్కులోంచి పుట్టిన గదుల కథ చిన్నదే కానీ, ఎవరి మాట ఎక్కడ చెల్లిందో బాగా చూపిస్తుంది.

1808-1814 మధ్య స్పెయిన్, పోర్చుగల్ నేలమీద నెపోలియన్ సేనలతో పోరాడిన బ్రిటిష్ సైనికులు సిగార్ అలవాటును ఇంటికి తెచ్చుకున్నారు. అంతకు ముందు అక్కడ పైపు, నశ్యం ఎక్కువ. విక్టోరియా కాలం వచ్చేసరికి పెద్దింటి మగవాళ్లకు సిగార్ హోదా అయింది, ఇల్లాళ్లకు తలనొప్పి అయింది. రాబర్ట్ కెర్ అనే వాస్తుశిల్పి 1864లో పెద్దమనుషుల ఇళ్ల నిర్మాణం గురించి రాసిన పుస్తకంలో, సొంత ఇంట్లోనే సిగార్ కాల్చుకోడానికి యజమానులు పడే పాట్లను కాస్త జాలిగా, కాస్త ఎగతాళిగా ప్రస్తావించాడు. అందుకే ప్రత్యేకంగా ‘స్మోకింగ్ రూమ్’ అవసరం పడిందని ఆయన వివరణ. ఆ గదిలోకి వెళ్లేముందు వేసుకునే కోటు వేరు, టోపీ వేరు. జుట్టుకూ బట్టలకూ వాసన పట్టకుండా ఉంటేనే మళ్లీ ఆడవాళ్ల మధ్యకు రానిచ్చేవారు.

విక్టోరియా రాణికి పొగాకు గిట్టదు. వైట్ ద్వీపంలోని ఆస్బోర్న్ భవనంలో తలుపుల మీద రాణి, ఆమె భర్త ఆల్బర్ట్‌ల పేర్ల మొదటి అక్షరాలు జంటగా కనిపిస్తాయి. పొగ గది తలుపు మీద మాత్రం ఆల్బర్ట్ అక్షరం ఒంటరిగా ఉంటుంది. విండ్సర్ కోటలో అతిథిగా దిగిన ఒక జర్మన్ రాయబారి పడకగది నేలమీద పడుకుని, చలిమంట గూటిలోంచి పైకి పొగ వదిలేవాడని ఆస్థాన ఉద్యోగి ఒకరు జ్ఞాపకాల్లో రాశారు. యువరాజు ఎడ్వర్డ్ తల్లికి పూర్తిగా భిన్నం. తమ క్లబ్బులో పొగ నిబంధనలు సడలించలేదన్న కోపంతో 1869లో మార్ల్‌బరో క్లబ్ పెట్టించాడు. అంతకు ముందు ఏడాదే బ్రిటిష్ పార్లమెంటు రైళ్లలో పొగతాగేవారికి విడిగా పెట్టెలు ఉండాలని చట్టం చేసింది.

ఇళ్లలోని పొగ గదుల గురించి వర్ణనలు చాలా ఉన్నాయి. అయితే పొద్దున్నే ఆ గది కిటికీలు తెరిచి, బూడిద ఎత్తి, తెరలు దులిపిన పనిమనుషుల గురించి మాత్రం చాలా తక్కువ. గది ఇల్లాలిని పొగ నుంచి తప్పించింది. పనిమనిషిని తప్పించలేదు. నా దృష్టిలో ఈ చరిత్రలో అసలు గీత అదే.

తర్వాత యంత్రాలు సిగరెట్లను లక్షల్లో చుట్టడం మొదలుపెట్టాయి. రెండు ప్రపంచ యుద్ధాలు వాటిని అందరి జేబుల్లోకీ చేర్చాయి. ఆఫీసు, బస్సు, సినిమా హాలు, ఆసుపత్రి అన్న తేడా లేకుండా అంతటా పొగే కావడంతో ప్రత్యేక గది అక్కర్లేకపోయింది. 1950లో డాల్, హిల్ అనే ఇద్దరు పరిశోధకులు పొగకూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ ఉన్న సంబంధాన్ని లెక్కలతో చూపారు. 1981లో జపాన్‌కు చెందిన హిరయామా, పొగతాగే భర్తలున్న, తాము తాగని భార్యలకూ ఆ ముప్పు ఎక్కువని వెల్లడించాడు. పక్కవాడి పొగ మర్యాద విషయం నుంచి ప్రాణం విషయంగా మారింది.

2004లో ఐర్లండ్, 2006లో స్కాట్లండ్, 2007 జులై 1న ఇంగ్లండ్ మూసి ఉన్న పని స్థలాల్లో, పబ్బుల్లో పొగను నిషేధించాయి. ఈ చట్టాల వెనక ముఖ్యమైన వాదన పబ్బులో గ్లాసులు అందించే ఉద్యోగి ఆరోగ్యం. బయట పందిరి వేసుకోవచ్చు, కానీ ఇంగ్లండ్‌లో దాని గోడల్లో కనీసం సగం తెరిచి ఉండాలి. సిగరెట్టువాడు అక్కడ అయిదు నిమిషాలు వణికి వచ్చేస్తాడు. సిగార్ గంటసేపటి పని. అందుకే సిగార్ ప్రియుల చూపు సొంత పెరటి చెక్క కొట్టం మీద పడింది. సొంత ఇంటికి ఆ నిషేధం వర్తించదు.

పనిముట్లు పెట్టుకునే ఆ కొట్టాన్ని వెచ్చగా చేయడం వినడానికి తేలికే. సరిహద్దుకు 2 మీటర్ల లోపు కడితే ఎత్తు 2.5 మీటర్లు మించకూడదన్న నిబంధన సరే, అసలు పేచీ గాలితో. వెచ్చదనానికి తలుపు మూయాలి, పొగ పోవడానికి తెరవాలి. గోడల చట్రాల మధ్య, కప్పు కింద, నేల కింద దళసరి ఫోమ్ పలకలు బిగించి పైన ప్లైవుడ్ కొడితే వేడి నిలుస్తుంది. పైన ఎగ్జాస్ట్ ఫ్యాన్, కింద గాలి వచ్చే సందు పెడితే పొగ పోతుంది, దాంతోపాటు డబ్బుపెట్టి కాచుకున్న వేడీ పోతుంది. అందుకే తెలిసినవాళ్లు గాలిని కాక మనిషిని వేడిచేసే ఇన్‌ఫ్రారెడ్ హీటర్ వాడతారు. మనం ఎండ కాగినట్టన్నమాట. కుంపటి పెట్టుకుందామనుకుంటే మాత్రం ప్రాణాంతకం. మూసిన గదిలో వాసనలేని కార్బన్ మోనాక్సైడ్ మనిషిని నిద్రలోనే తీసుకుపోతుంది. ఇక చుట్టూ ఎంత ఫ్యాన్ తిరిగినా, లోపల కూర్చున్నవాడి నోట్లోకి, ఊపిరిలోకి పోయేది పోతూనే ఉంటుంది.

ఈ చిక్కుకు పరిష్కారం ప్రకాశం, గుంటూరు, పశ్చిమ గోదావరి జిల్లాల మిత్రులకు తెలిసిందే. వర్జీనియా పొగాకు బ్యారన్‌లో పొయ్యి నోరు బయట ఉంటుంది. వేడి రేకు గొట్టాల్లో లోపలంతా తిరుగుతుంది, పొగ చిమ్నీ గుండా వెళ్లిపోతుంది. ఆకుకు తగిలేది వెచ్చదనం ఒక్కటే. గొట్టం ఉన్న కట్టెల పొయ్యిని కొట్టంలో పెట్టుకున్న ఇంగ్లండ్ వాళ్లు చేసేదీ అదే.

మనవైపు పొగతాగినవారు మగవాళ్లే కాదు. శ్రీకాకుళం, విశాఖ ప్రాంతాల్లో శ్రమచేసే స్త్రీలు చుట్ట వెలిగించి, నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని ‘అడ్డపొగ’ తాగేవారు. గాలికీ తడికీ ఆరిపోకుండా ఉండటానికని చెబుతారు. ఆరుబయట, పనిలోనే ఆ పొగ. దానికి గది లేదు, కోటు లేదు. ఇలా కాల్చడం వల్ల అంగిలికి వచ్చే క్యాన్సర్ గురించి కోస్తాంధ్ర కేసులతో వైద్య పత్రికలో వ్యాసం 1957లోనే వచ్చింది.

మన దేశంలో 2003 చట్టం విద్యాసంస్థలకు 100 గజాల లోపు పొగాకు అమ్మకాన్ని నిషేధించింది. 2008 అక్టోబర్ 2 నుంచి బహిరంగ స్థలాల్లో పొగ నిషేధ నియమాలు అమలులోకి వచ్చాయి. 30 గదులు, అంతకు మించి ఉన్న హోటళ్లూ, 30 మంది, అంతకు మించి కూర్చునే రెస్టారెంట్లూ, విమానాశ్రయాలూ మాత్రం విడిగా పొగ గది పెట్టుకోవచ్చు. 2017లో ఆ నియమాలకు మరో వాక్యం చేర్చారు: ఆ గదిలో ఎలాంటి సర్వీసూ ఉండకూడదు.