కాలేయంలో చక్కెర: క్లోద్ బెర్నార్ ప్రయోగాలు, వివాదం

రక్తంలో చక్కెర నియంత్రణ చరిత్రను 1921లో టొరంటోలో జరిగిన ఇన్సులిన్ ఆవిష్కరణతో ప్రారంభించడం పాఠ్యగ్రంథాలకు అలవాటు. కాని చక్కెరను తగ్గించేదేమిటన్న ప్రశ్నకు ముందు, ఆహారంలో చక్కెర లేనప్పుడు కూడా అది రక్తంలో ఎందుకుంటుందన్న ప్రశ్న తలెత్తవలసి ఉంది. దానిని లేవనెత్తినవాడు ఫ్రెంచి శరీరధర్మ శాస్త్రవేత్త క్లోద్ బెర్నార్.

చక్కెరను నిర్మించేవి మొక్కలేననీ, జంతువులు దానిని దహించుకుంటాయనీ డ్యూమా, బూసింగో ప్రతిపాదించిన సిద్ధాంతం ఆనాడు ప్రబలంగా ఉండేది. బెర్నార్ కూడా మొదట చక్కెర శరీరంలో ఎక్కడ నశిస్తుందో కనుక్కోవడానికే పూనుకున్నాడు. 1848లో మాంసం మాత్రమే తిన్న కుక్క కాలేయ సిరలో అతనికి చక్కెర కనిపించింది. పేగుల నుంచి కాలేయానికి రక్తాన్ని చేర్చే నిర్వాహక సిరను కట్టి చూస్తే, పేగుల వైపు రక్తంలో చక్కెర లేదు.

1855 నాటి ప్రయోగం మరింత ఆసక్తికరం. ఒకే కాలేయంలో చక్కెరను ఒకనాడు, మరునాడు కొలవవలసి వచ్చినప్పుడు రెండవ కొలత ఎక్కువగా తేలింది. పొరపాటని కొట్టివేయదగిన ఈ తేడాను బెర్నార్ వదలలేదు. కుక్క కాలేయాన్ని రక్తనాళాల గుండా చన్నీటితో చక్కెర జాడ లేకుండా కడిగి ఉంచాడు. మరునాటికి అందులో మళ్లీ చక్కెర చేరింది. దాని మూలపదార్థాన్ని 1857లో వేరుచేసి గ్లైకోజెన్ అన్నాడు.

అదే 1855లో లూయీ ఫిగియే, ఆ చక్కెర ఆహారం నుంచి వచ్చినదేనని వాదించాడు. విచారించిన అకాడమీ సంఘంలో స్వయంగా డ్యూమా ఉన్నాడు. అయినా నిర్ణయం బెర్నార్ పక్షానే వచ్చింది. అతని వద్ద పనిచేసిన లండన్ వైద్యుడు పేవీ అభ్యంతరం ఇంతకంటే బలమైనది: సజీవ కాలేయంలో చక్కెర దాదాపు ఉండదనీ, కనిపించేది మరణానంతర మార్పేననీ అతని వాదన. పేవీ నిర్ధారణ నిలవలేదు గాని, మృతకణజాల పరీక్షతో సజీవక్రియను నిర్ణయించడంలోని ప్రమాదాన్ని అతను సరిగానే గుర్తించాడు.

బెర్నార్ పొరబడినది క్లోమం విషయంలో. దాని నాళాల్లోకి కొవ్వు ఎక్కించి గ్రంథిని క్షీణింపజేసినా మధుమేహం రాకపోవడంతో, చక్కెరతో దానికి సంబంధం లేదనుకున్నాడు. 1889లో స్ట్రాస్‌బర్గ్‌లో ఫాన్ మేరింగ్, మిన్‌కోవ్‌స్కీ గ్రంథిని పూర్తిగా తొలగించగా కుక్కకు మధుమేహం వచ్చింది. క్లోమసారం కొన్నిసార్లు చక్కెరను పెంచుతున్నదని గమనించిన కింబల్, మర్లిన్ 1923లో ఆ పదార్థానికి గ్లూకగాన్ అని పేరుపెట్టారు. అది పనిచేసేది ప్రధానంగా కాలేయంలోని గ్లైకోజెన్ మీదే.