సేరు ఎవరి చేతిలో ఉంది? – మా హగరి పక్క మార్పిడి బేరాలు

చరిత్ర పాఠంలో వస్తు మార్పిడి గురించి చదివినప్పుడు అది నాణేలు పుట్టక ముందు సంగతి అనిపిస్తుంది. ధాన్యం ఇచ్చి కుండ తీసుకోవడం, కుండ ఇచ్చి గుడ్డ తీసుకోవడం, ఆ తర్వాత నాణెం రావడం, అంతటితో పాఠం అయిపోతుంది. మా హగరిలో మాత్రం అది ఇంకా అయిపోలేదు. మా అవ్వ కాలంలో చాలా జరిగింది, మా అమ్మ కాలంలో కొంత జరిగింది, నా కళ్ల ముందు కూడా జరుగుతా ఉంది. అందుకే ఈ వ్యాసంలో ఒకే ప్రశ్న తీసుకున్నాను. ఆ బేరాలు న్యాయమైనవేనా? దీనికోసం మా ఇంట్లో పెద్దవాళ్లను అడిగినాను, నేను చూసినవీ కలిపినాను.

మొదట మా ఊరి గురించి రెండు మాటలు. హగరి అంటే ఏరు పేరూ అదే, ఊరి పేరూ అదే. వేదవతి నదినే మా పక్క హగరి అంటారు. అది పోయి తుంగభద్రలో కలుస్తుంది. బళ్లారి నుంచి గుంతకల్లు పోయే రైలు దారిలో మా ఊరి స్టేషన్ వస్తుంది. మాది నల్లరేగడి నేల. పత్తి, జొన్న, మిరప ఇక్కడి పాత పంటలు. తుంగభద్ర కాలువ నీళ్లు వచ్చినంక వరి కూడా వచ్చింది. 1953 అక్టోబర్ 1 దాకా బళ్లారి జిల్లా మద్రాసు రాష్ట్రంలో ఉండేది. ఆ రోజు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి, బళ్లారి మైసూరు రాష్ట్రంలో చేరింది. సరిహద్దు మారినా సంతకు వచ్చేవాళ్లు మారలేదు. అందుకే మా ఇండ్లలో కొలతల మాటలు తెలుగూ కన్నడమూ కలిసి ఉంటాయి. సేరు, అచ్చేరు, పావు అని మేము అంటాము. సర్కారు జిల్లాల పక్క మానిక, కుంచం, తూము అంటారు. అక్కడి లెక్కలో నాలుగు మానికలు ఒక కుంచం, నాలుగు కుంచాలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి.

మాకు దగ్గరలోనే హంపి ఉంది. విజయనగర రాజుల కాలంలో బంగారు వరాహాలు ఉండేవి. కానీ ఊర్లలో అందరికీ జీతం వరాహాల్లో ఇవ్వలేదు. ఊరికి పన్నెండు మంది ఆయగాండ్లు ఉండేవాళ్లు. కరణం, తలారి, వడ్రంగి, కమ్మరి, కుమ్మరి, చాకలి, మంగలి ఇట్లాంటివాళ్లు. వాళ్లకు కొంత మాన్యం భూమి, పంట నూర్చినప్పుడు కళ్లంలో కొంత ధాన్యం వచ్చేది. ఏడాదంతా పని చేసి పంటప్పుడు తీసుకోవడం కూడా ఒక మార్పిడే. ఇందులో మంచి ఏమిటంటే రైతు ఇంట్లో ధాన్యం ఉంటే కమ్మరి ఇంట్లోనూ ఉంటుంది. చెడ్డ ఏమిటంటే ఎవరికి ఎంత అనేది కులాన్ని బట్టి ముందే నిర్ణయమై ఉండేది. తోలు పని చేసేవాళ్లు, ఊడ్చేవాళ్లు "ఇది నాకు చాలదు" అని చెప్పేదానికి వీలు లేదు. నా ఉద్దేశంలో వద్దు అనే వీలు లేని చోట అది బేరం కాదు.

ఇక మా అవ్వ చెప్పినవి. ఆమె చిన్నప్పుడు ఇంట్లో డబ్బులు కనపడేది తక్కువ. ఉప్పు బండి వస్తే సేరు జొన్నలకు సేరు ఉప్పు. ఎర్రగడ్డలు వస్తే జొన్నలే. కాలువ కింద ఊర్ల నుంచి బియ్యం తెచ్చేవాళ్లు రెండు సేర్ల జొన్నలకు ఒక సేరు బియ్యం ఇచ్చేవాళ్లంట. అన్నిటికంటే నాకు నచ్చింది కుండల బేరం. కుమ్మరాయన చిన్న కుండ ఇస్తే, ఆ కుండ నిండా జొన్నలు పోసి ఆయన సంచిలో వేసేవాళ్లు. కుండే ధర, కుండే కొలత. ఇద్దరి కండ్ల ముందే నిండుతుంది కాబట్టి ఎవరూ ఎవరినీ మోసం చేయలేరు.

ఉప్పు బండి దగ్గర అట్లా కాదు. జొన్నలు తీసుకునేటప్పుడు సేరు మీద కుప్పగా పోయించుకునేవాడు, ఉప్పు ఇచ్చేటప్పుడు చేత్తో సమంగా కోసి ఇచ్చేవాడు. పేరుకు సేరుకు సేరే. మా అవ్వ వాళ్ల అమ్మ ఒకసారి మన ఇంటి సేరుతోనే కొలువు అని పట్టుబట్టి, రెండూ సమంగా కోయించిందంట. అప్పటి నుంచి ఆ బండి ఆయన మా వీధికి వస్తే "సేరు తెచ్చుకోండమ్మా" అని ఆయనే అనేవాడంట.

అన్ని బేరాలూ ఇట్లా నవ్వుకునేవి కావు. 1972 ప్రాంతంలో వానలు సరిగా పడలేదు. మా అవ్వకు అప్పటికి పెండ్లయి రెండేండ్లు, మా పెదనాయన కడుపులో ఉన్నాడు. ఇంట్లో గింజలు అయిపోయినాయి. పుట్టింటివాళ్లు సారెలో ఇచ్చిన ఇత్తడి బిందె తీసుకపోయి ఒక వ్యాపారికి ఇస్తే ఇరవై సేర్ల జొన్నలు ఇచ్చినాడు. మంచి ఏడాదిలో అయితే ఆ బిందెకు యాభై సేర్లు వచ్చేవని మా తాత అంటాడు. "ఇల్లు కాలి ఒకడు ఏడుస్తుంటే చుట్టకు నిప్పు అడిగినట్టు" అని ఇప్పటికీ ఆ మాటే అంటాడు. మా అవ్వ మాత్రం ఒప్పుకోదు. "అన్యాయమని ఇప్పుడు చెప్పేది సులభం. ఆ జొన్నలు లేకుంటే మీ పెదనాయన లేడు. ఆ పొద్దు నాకు బిందె కంటే గింజే బంగారం" అంటుంది.

నేను ఇద్దరి మాటా చాలా సార్లు ఆలోచించినాను. అవ్వ చెప్పేది నిజమే, కరువులో గింజ విలువ పెరుగుతుంది. వ్యాపారి కూడా దూరం నుంచి తెచ్చి ఉండొచ్చు. కానీ వ్యాపారికి ఆ రోజు బిందె దొరకకపోయినా నష్టం లేదు, మా అవ్వకు ఆ రోజు గింజలు దొరకకపోతే బతుకే కష్టం. ఒకరు ఆగగలరు, ఒకరు ఆగలేరు. ఆగలేనివాళ్ల దగ్గర ఎంత తీసుకున్నారు అనేదాంట్లోనే న్యాయం తెలుస్తుందని నాకు అనిపించింది. లాభం తీసుకోవచ్చు, కానీ సగానికంటే తక్కువ ఇవ్వడం లాభం అనిపించుకోదు.

ఇట్లాంటి బేరం ప్రభుత్వమే చేసిన సంగతి కూడా మా జిల్లా చరిత్రలో ఉంది. 1876-78లో వచ్చిన పెద్ద కరువును ధాత కరువు అంటారు. మద్రాసు రాజధానిలో బళ్లారి బాగా దెబ్బతిన్న జిల్లాల్లో ఒకటి. కరువు పనులకు వచ్చినవాళ్లకు 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కూలి తగ్గించినాడు. రోజంతా పని చేసిన మగమనిషికి ఒక పౌను ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు కొనేంత డబ్బు, పైన ఒక అణా. కష్టం చేసే శరీరానికి అది చాలదని మద్రాసులో ఆరోగ్య అధికారిగా ఉన్న డాక్టర్ కార్నిష్ వాదించినాడు. తర్వాత కూలి పెంచినారు. ఇక్కడ కూడా ఆకలిగొన్నవాళ్లు వద్దు అనలేరు. కార్నిష్ లాగా ఇంకొకరు వాళ్ల తరఫున లెక్క చెప్పవలసి వచ్చింది.

బయటి ప్రపంచంలోనూ ఇట్లాంటివి ఉన్నాయి. 1626లో డచ్ వాళ్లు అమెరికాలోని మాన్‌హాటన్ దీవిని 60 గిల్డర్ల విలువైన సరుకులిచ్చి కొన్నట్టు రాసుకున్నారు. అక్కడి మూలవాసులకు భూమిని అమ్మడం అనే ఆలోచన డచ్ వాళ్లలాగా లేదు. ఒకరు అమ్మకం అనుకున్నది ఇంకొకరు అనుకోకపోతే ధర ఎంతైనా అది సరైన బేరం కాదు.

ఇప్పుడు నేను చూసినది. మా అమ్మ, అక్క తల దువ్వినప్పుడు ఊడిన వెంట్రుకలు ఉండ చుట్టి గోడ సందులో కవర్లో పెడతారు. మోటార్ సైకిల్ మీద స్టీలు సామాన్లు కట్టుకొని ఒకాయన వస్తాడు. కవరు చేతిలో పట్టుకొని ఎగరేసి చూసి "చిన్న గిన్నె వస్తుందమ్మా" అంటాడు. త్రాసు లేదు, లెక్క లేదు, ఆయన చెయ్యే త్రాసు. ఈ వెంట్రుకలతో సవరాలు, విగ్గులు చేస్తారు, విదేశాలకు కూడా పోతాయి. తిరుమలలో భక్తులు ఇచ్చే తలనీలాలను దేవస్థానం వేలం వేస్తే కోట్ల రూపాయలు వస్తాయి. మా ఇంటివి పొడుగు వెంట్రుకలు కావు, చిక్కులు, కాబట్టి అంత ధర రాదని నాకు తెలుసు. అయినా ఎంత ఉన్నాయో తెలియాలి కదా అని ఈసారి ఆయన రాక ముందే కిరాణా అంగడిలో తూకం వేయించినాను. 120 గ్రాములు వచ్చింది. ఆయన వచ్చి చిన్న గిన్నె అనగానే మా అమ్మ "నూట ఇరవై గ్రాములు ఉన్నాయి, తూచి చూస్కో" అనింది. ఆయన ఏమీ అనలేదు, మూత ఉన్న పెద్ద గిన్నె తీసి ఇచ్చినాడు. వెంట్రుకలు అవే, మనిషి ఆయనే. మారింది తూకం తెలియడం ఒక్కటే.

బడిలో కూడా మాకు ఒక బేరం ఉంది. నా స్నేహితుడు పటాలు బాగా గీస్తాడు, నాకు కన్నడం చదవడం బాగా వచ్చు. వాడు నాకు పటం గీయడం నేర్పిస్తాడు, నేను వాడికి కన్నడం చదవడం నేర్పిస్తాను. గంటకు గంట అని లెక్క పెట్టుకోలేదు. ఇష్టం లేని రోజు ఎవరైనా రాను అనొచ్చు. నేను చూసిన బేరాల్లో ఇదే అన్నిటికంటే న్యాయమైనది.

మన దేశంలో 1956లో తూనికలు, కొలతల చట్టం వచ్చింది, 1957 ఏప్రిల్ 1 నుంచి నయా పైసలు వచ్చినాయి. మెల్లగా సేరు పోయి కిలో వచ్చింది. అందరికీ ఒకే కొలత ఉండడం చాలా మంచిది. కానీ కిలో వచ్చినంత మాత్రాన మోసం పోలేదు, డబ్బు వచ్చినంత మాత్రాన న్యాయం రాలేదు. కొలత ఇద్దరికీ కనపడాలి, బయట ధర ఇద్దరికీ తెలియాలి, వద్దు అనే వీలు ఇద్దరికీ ఉండాలి. ఈ మూడూ ఉంటే జొన్నలతో చేసినా, నోట్లతో చేసినా, ఫోన్‌తో డబ్బులు పంపినా బేరం న్యాయమైనదే.

మీ ఇండ్లలో కూడా అవ్వా తాతలు ఏమిచ్చి ఏమి తీసుకున్నారో అడిగి, ఎన్ని సేర్లకు ఎన్ని సేర్లో అంకెలతో సహా రాసి పెట్టండి. ఆ లెక్కలు వాళ్ల నోట్లోనే ఉన్నాయి, ఏ పుస్తకంలోనూ దొరకవు. మా ఇంటి పాత సేరు ఇంకా అటక మీద ఉంది. దాంతో జొన్నలు కొలిచి కిలోల్లో ఎంత వస్తుందో చూడాలని సెలవుల్లో అనుకుంటున్నాను.