సెయిన్ నదిగట్టున పాతపుస్తకముల పెట్టెలు

మన యిండ్లలో పాతపుస్తకమునకు గలుగు గతి యందఱు నెఱిగినదే. చదివిన పెద్దలు గతించిన పిమ్మట నది యటుకమీది కెక్కును. అటుక దిగిన దినమున తూకమునకు పోవును. అందేమి వ్రాయబడినదని యడుగువాడు లేడు. ఎంత బరువు తూగునని యడుగువాడే కలడు. పుస్తకమున కిట్టి దుర్గతి పట్టకుండ, ఒకరి యింట పని తీఱినదానిని వేఱొకరి చేతి కందించు వృత్తి యొకటి ఫ్రాన్సు రాజధానియగు పారిసున నాలుగు శతాబ్దములుగా సాగుచున్నది. దాని చరిత్రమును మా చదువరులకు సంగ్రహముగ విన్నవింతుము.

పారిసు నడుమ సెయిన్ నది పాఱుచున్నది. దాని గట్టుల వెంబడి రాతి పిట్టగోడ కలదు. ఆ గోడమీద ముదురాకుపచ్చని పెట్టెలు బిగింపబడి యుండును. పగటివేళ మూత యెత్తినచో నదియే యంగడి. రాత్రి మూత దించి తాళము వేసినచో నదియే కొట్టు. ఇట్టి పెట్టెలు సుమారు 900 కలవు. అమ్ముకొనువారు 200 మందికి పైబడి యున్నారు. వీరిని బూకినిస్తులందురు. నగరపాలకులు వీరికడ అద్దె గొనరు. అందులకు మాఱుగా వారమునకు 4 దినములైనను అంగడి తెఱవవలెనని నియమము.

ఈ యాదరము తొలినుండియు నున్నది కాదు. 1607లో ‘క్రొత్తవంతెన’ యను నర్థముగల పోన్ నెఫ్ పూర్తికాగా, జనసమ్మర్దముగల యా తావున చిల్లర పుస్తకవర్తకులు చేరిరి. గడపగల యంగళ్లవారికి వీరు కంటకులైరి. పిమ్మట ఫ్రోండు అను తిరుగుబాటు చెలరేగి, మంత్రియగు మజారినును దూషించు కరపత్రములు వేలకొలది వెలువడినవి. అవి యీ వంతెనపై చేతులు మాఱుచుండెను. 1649లో వంతెనపై పుస్తకములు పఱచి యమ్మరాదని శాసనము పుట్టినది. తరిమినప్పుడు పోయిరి, మరల వచ్చిరి. 1789 నాటి విప్లవమున మఠములయొక్కయు ప్రభువులయొక్కయు గ్రంథాలయములు జప్తు కాగా, బీరువాలలో బందీలై యున్న గ్రంథము లెన్నియో వీధికి దిగి సామాన్యుని కందుబాటైనవి.

1859లో నగరపాలకులు వీరికి స్థిరమైన తావుల నేర్పఱచిరి. అయినను నగరమును పునర్నిర్మించిన హౌస్‌మన్ అను నధికారి వీరిని గట్టులనుండి తొలగింప నెంచెను. అప్పుడు పాల్ లాక్రువా యను పుస్తకప్రియుడు చక్రవర్తియగు మూడవ నెపోలియనునకు మొఱపెట్టుకొనగా, నా యత్నము నిలిచిపోయినది. తుదకు 1891లో, రాత్రులందును పెట్టెలను గోడమీదనే యుంచుకొన ననుజ్ఞ లభించినది. అంతవఱకు ప్రతిసాయంకాలమును సరకంతయు మోసికొనిపోవలసినదే.

1892లో మరణించిన గ్జావియే మార్మియే యను పండితుడు, వీరు విందారగించుటకై తన మరణశాసనమున 1000 ఫ్రాంకులు విడిచెను. ఈ పెట్టెలకడ తాను గడపిన సుఖసమయములకు నది కృతజ్ఞత. చదువరికి వర్తకునియం దింతటి ప్రేమ యేల కలుగవలెను? ఈ యంగడికి వాకిలి లేదు. లోనికి పోవుటకు జంకు పేదవిద్యార్థి యిచట నిలిచి పుస్తకము తీసి చూడవచ్చును. కొనకున్నను అవమానము లేదు. విద్య వీధిలో నిలిచి పిలుచుటయన నిదియే.

2019లో ఫ్రాన్సు ఈ వృత్తిని తన సంస్కృతీవారసత్వపు పట్టికలో చేర్చెను. అయినను నాలుగేండ్లు గడచునంతలో, 2024 ఒలింపిక్ క్రీడల ప్రారంభోత్సవము నదిపై జరుగనున్నదని, రక్షణకొఱకు సగమునకు మించిన పెట్టెలను తీసివేయుడని పోలీసు అధికారులు కోరిరి. వర్తకులు ప్రతిఘటించిరి, పలువు రండగా నిలిచిరి. 2024 ఫిబ్రవరిలో దేశాధ్యక్షుడా యాలోచనను విరమింపజేసెను.

అధికారుల యాజ్ఞనుండి పెట్టెలు బ్రతికినవి. కాని నేడు బాటసారులు పుస్తకముకంటె బొమ్మలను, జ్ఞాపికలను ఎక్కువ యడుగుచున్నారు. అందుచేత ఒక్కొక్కరికిగల 4 పెట్టెలలో నొకదానియందే యట్టివి యమ్మవలెనని కట్టడి చేసిరి. శాసనము పెట్టెను కాపాడగలదు. అందలి పుస్తకమును కాపాడవలసినవాడు చదువరియే.

మనకును హైదరాబాదు అబిడ్సు కాలిబాటలపై ఆదివారమున పాతపుస్తకములు పఱచు వర్తకులు కలరు. వారు మన విద్యకు చేయు సేవను మనము సేవగా నెంచుట లేదు. ఇల్లు సర్దుకొను దినమున అటుకమీది పుస్తకమును తూకమునకు వేయక, అట్టివారి చేతికో, ఊరి గ్రంథాలయమునకో యిండని గృహిణులను, గృహస్థులను వేడుచున్నాము. మీకు పాతదైన పుట, దానిని తొలిసారి తెఱచు బాలికకు క్రొత్తదియే గదా!