బొడ్డులో గడ్డ, ఒక సిస్టర్ కథ

మా బాబాయి ఫిల్మ్ నగర్ లో ప్రొడక్షన్ మేనేజరుగా చేసేవాడు. ఒకసారి ఆయనకి బొడ్డు దగ్గర చిన్న గట్టి గడ్డ వచ్చింది. నొప్పి లేదు. బెల్టు ఒరుసుకుని కాయ కాసిందని ఆయనా, హెర్నియా అయ్యుంటుందని మేమూ అనుకుని రెండు నెలలు గడిపేశాం. చివరికి ముక్క తీసి పరీక్ష చేస్తే పాంక్రియాస్ కేన్సర్ అని తేలింది (స్కూల్లో క్లోమం అని చదువుకున్నాం కదా, అదే). ఎక్కడో పొట్టలో పుట్టిన జబ్బు చర్మం మీద కనబడటమేంటి అని అప్పట్లో తెగ చదివాను.

ఆ గడ్డకి ఒక పేరుంది.. సిస్టర్ మేరీ జోసెఫ్ నాడ్యూల్. ఈవిడ డాక్టరు కాదు. అసలు పేరు జూలియా డెంప్సీ, 1856లో పుట్టిన కేథలిక్ సన్యాసిని. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం, రోచెస్టర్ లోని సెయింట్ మేరీస్ ఆసుపత్రిలో విలియం మేయోకి ఆపరేషన్లలో సాయం చేసేవారు (మేయో క్లినిక్ మేయోనే). ఆపరేషన్ కి ముందు పొట్ట శుభ్రం చేస్తుంటే కొందరికి బొడ్డులో గట్టిగా ఏదో తగిలేది. అలాంటివాళ్ళకి లోపల కేన్సర్ పాకిపోయి ఉంటోందని గమనించి మేయోకి చెప్పారు. 1928లో ఆయన దాన్ని 'ప్యాంటు గుండీ బొడ్డు' అని వర్ణించాడు. సిస్టర్ పేరు దానికి వచ్చింది మాత్రం 1949లో, హామిల్టన్ బెయిలీ అనే ఇంగ్లీషు సర్జన్ పుస్తకంతో. అప్పటికి ఆవిడ పోయి పదేళ్ళు. బగ్ పట్టుకున్న టెస్టరు పేరు రిలీజ్ నోట్సులో ఎవరు రాస్తారు చెప్పండి :)

క్లోమం జీర్ణాశయం వెనకాల నక్కి ఉంటుంది, చాన్నాళ్ళు చప్పుడు చెయ్యదు. అది చర్మానికి పాకడం అరుదే, పాకితే ఎక్కువగా బొడ్డు దగ్గరే. కొందరికి బయటపడే మొదటి గుర్తు ఇదే. కానీ మొదటి గుర్తంటే మొదటి దశ అనుకునేరు! అప్పటికే అది నాలుగో స్టేజి. బొడ్డు దగ్గర ఉబ్బులన్నీ కేన్సర్ కావు, చాలావరకు హెర్నియాలే. అయినా గట్టి గడ్డ తగ్గకుండా ఉంటే డాక్టరుకి చూపించాల్సిందే.

సినిమావాళ్ళు జబ్బు సంగతి బయటికి చెప్పరు, అవకాశాలు పోతాయని భయం. అక్కినేని అలా కాదు. 2013 అక్టోబర్ 19న ప్రెస్ మీట్ పెట్టి మరీ తన కేన్సర్ గురించి తనే చెప్పారు (ఆయనది పేగులది). 2014 జనవరి 22న పోయారు, 'మనం' ఆ మేలో వచ్చింది. ఎన్టీఆర్ భార్య బసవతారకం గారు 1985లో కేన్సర్ తోనే పోయారు. ఆవిడ పేరుతో కేన్సర్ ఆసుపత్రి 2000లో బంజారాహిల్స్ లో మొదలైంది, ఫిల్మ్ నగర్ కి దగ్గరే. బాబాయి దాని ముందునుంచి ఎన్ని వందలసార్లు వెళ్ళుంటాడో.

యూనిట్ వాళ్ళకి మాత్రం చివరిదాకా గ్యాస్ ట్రబుల్ అనే చెప్పాడు.