దమ్ము ఉందా? అయితే దాచొద్దు: ఇన్సూరెన్స్ ఫారంలో ఒక ప్రశ్న వెనక 250 ఏళ్ల కథ

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ నుంచి అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరికి పోయే అమ్మానాన్నలకు ట్రావెల్ ఇన్సూరెన్స్ ఫారం ఎవరు నింపుతారు? మనమే, ఫోన్‌లో. అందులో పాత జబ్బులు ఉన్నాయా అని అడుగుతారు. మన దిక్కు ఆయాసాన్ని దమ్ము అంటాం కదా, అది అక్కడే రాయాలి.

మిర్యాలగూడ అంటేనే రైస్ మిల్లులు. ఊక దుమ్ములో ఏళ్ల తరబడి పనిచేస్తే ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. కానీ నేను వినే మాట ఏంటంటే: "మృగశిర కార్తెకు హైదరాబాద్ పోయి చేపమందు మింగిండు, తగ్గింది. లేదు అని కొట్టు." ఆ మందు 1845 నుంచి ఇస్తున్నామని బత్తిని కుటుంబం చెబుతుంది. అది ఆస్తమాను నయం చేస్తుందని శాస్త్రీయ రుజువు మాత్రం లేదు. ఇంట్లో ఇన్‌హేలర్ వాడుతున్నారంటే జబ్బు ఉన్నట్టే.

అసలు ఈ "దాచొద్దు" రూల్ ఎక్కడిది? 1766, లండన్. సుమత్రా దీవిలోని ఒక ఇంగ్లిష్ కోట గవర్నర్, శత్రువులు కోటను పట్టుకుంటే డబ్బు రావాలని బీమా చేయించాడు. ఫ్రెంచివాళ్లు పట్టుకున్నారు. కోట బలహీనమని చెప్పలేదంటూ బీమా ఇచ్చినాయన డబ్బు ఎగ్గొట్టాడు. జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ ఏమన్నాడంటే, తనకు మాత్రమే తెలిసిన సంగతి ఎవరూ దాచకూడదు, ఇది రెండు పక్షాలకూ వర్తిస్తుంది. కానీ బీమా ఇచ్చేవాడు తానే తెలుసుకోగలిగిన సంగతిని తర్వాత సాకుగా చూపకూడదు. గవర్నరే గెలిచాడు.

ఇప్పుడు మన దేశం. 2009లో ఒకాయన షుగర్ ఉందని చెప్పి, కంపెనీ పరీక్షల తర్వాత ట్రావెల్ పాలసీ తీసుకున్నాడు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎయిర్‌పోర్ట్‌లో గుండెపోటు వచ్చింది. కొలెస్ట్రాల్ సంగతి దాచాడని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. 2021 డిసెంబర్ 6న సుప్రీంకోర్టు ఆయన వైపే తీర్పిచ్చింది: చెప్పిన జబ్బును తెలిసే పాలసీ ఇచ్చాక, అదే జబ్బు పేరు చెప్పి తప్పించుకోవడం కుదరదు.

చూశారా? షుగర్ ఉందని ముందే రాసిన ఆ మాటే కోర్టులో ఆయన్ని కాపాడింది.

అందుకే ఫారంలో ఆస్తమా, సీఓపీడీ, పాత టీబీ ఏదున్నా రాయండి. వాడే మందులు, ఆస్పత్రిలో చేరిన తేదీలు కూడా రాయండి. నింపిన ఫారం కాపీ దాచుకోండి. ఒక్క జాగ్రత్త: చెప్పినంత మాత్రాన ప్రతి పాలసీ పాత జబ్బుకు డబ్బివ్వదు. కొన్నది దేనికి వర్తిస్తుందో చదవండి.

డాక్టర్ దగ్గర, వకీలు దగ్గర దాపరికం వద్దంటారు పెద్దలు. ఆ లిస్టులో ఈ ఫారంను కూడా చేర్చండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!