జీతం మొత్తం ధారపోసిన గవర్నరు

1819 ఏప్రిల్. పిట్స్‌బర్గ్ దాటాక ఒహాయో నదిలో రెండు పడవలను పక్కపక్కన కట్టించి, వాటిలో ఉన్న తన బానిసలందరినీ ఎడ్వర్డ్ కోల్స్ ఒకచోటికి పిలిచాడు. ఈ క్షణం నుంచి మీరు స్వేచ్ఛాజీవులు, నాతో వచ్చినా సరే, ఒడ్డున దిగిపోయినా సరే అన్నాడు. కాసేపు ఎవరికీ నోట మాట రాలేదు. ఇల్లినాయ్ చేరాక ఒక్కో కుటుంబ పెద్దకు 160 ఎకరాలు ఇచ్చాడు.

కోల్స్ 1786లో వర్జీనియాలో పెద్ద భూస్వాముల ఇంట పుట్టాడు. తండ్రి పోయాక అతని వాటాకు పొలంతో పాటు ఇరవై మంది దాకా మనుషులూ వచ్చారు. విడిచిపెడదామంటే, స్వేచ్ఛ పొందినవాళ్లు ఏడాదిలోగా రాష్ట్రం వదిలిపోవాలని అక్కడి చట్టం. అమెరికా అధ్యక్షుడు మాడిసన్ దగ్గర సెక్రటరీగా ఉంటూనే, 1814లో జెఫర్సన్‌కు ఉత్తరం రాశాడు: బానిసత్వ నిర్మూలనకు మీరే నడుం కట్టాలని. స్వాతంత్ర్య ప్రకటన రాసిన ఆ పెద్దాయన, ఇది కుర్రాళ్లు చేయాల్సిన పని అని తప్పుకున్నాడు. పైగా వర్జీనియా వదిలి వెళ్లొద్దని హితవు చెప్పాడు!

కోల్స్ వినలేదు. 1822లో నలుగురు పోటీపడిన ఎన్నికలో మూడో వంతు ఓట్లతోనే ఇల్లినాయ్‌కి రెండో గవర్నరయ్యాడు. శాసనసభ మాత్రం ఎదుటిపక్షం చేతిలో ఉంది. రాజ్యాంగాన్ని తిరగరాసి బానిసత్వాన్ని తెచ్చుకోవాలని వాళ్ల పన్నాగం. అందుకు రాజ్యాంగ సభ పెట్టించాలంటే శాసనసభలో మూడింట రెండు వంతుల మద్దతు కావాలి, ఒక్క ఓటు తక్కువైంది. అడ్డొచ్చిన హాన్సెన్ అనే సభ్యుణ్ణి సీటు నుంచి దించేసి, అతని ప్రత్యర్థిని కూర్చోబెట్టి లెక్క సరిచేసుకున్నారు. సభ పెట్టాలా వద్దా అన్నది ఇక తేల్చాల్సింది జనమే.

ఏడాదిన్నర పాటు కరపత్రాలు, పత్రికలు, చర్చి ప్రసంగాలతో రాష్ట్రం అట్టుడికింది. కోల్స్ తన నాలుగేళ్ల జీతం, 4,000 డాలర్లు, ఈ పోరాటానికే ఇచ్చేశాడు. 1824 ఆగస్టులో రాజ్యాంగ సభ వద్దని 6,640 మంది, కావాలని 4,972 మంది ఓటేశారు. నదిలో పడవల ఘట్టమే ఎక్కువగా చెప్పుకుంటారు గానీ, అతని అసలు ఘనకార్యం ఇదే.

శత్రువులు ఊరుకోలేదు. పూచీకత్తు కట్టకుండా బానిసల్ని విడిపించాడని కేసు వేసి 2,000 డాలర్ల జరిమానా వేయించారు. 1826లో రాష్ట్ర సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. తర్వాత కాంగ్రెస్‌కు పోటీచేసి ఓడిపోయి, కోల్స్ ఫిలడెల్ఫియాలో స్థిరపడ్డాడు.

అంతర్యుద్ధంలో అతని కొడుకు రాబర్ట్స్ బానిసత్వం కోసం పోరాడే దక్షిణాది సైన్యంలో చేరి 1862లో రోనోక్ ద్వీపం దగ్గర చనిపోయాడు. మూడేళ్లకు, 1865 ఫిబ్రవరి 1న, బానిసత్వాన్ని రద్దుచేసే అమెరికా రాజ్యాంగ 13వ సవరణను అన్ని రాష్ట్రాలకంటే ముందు ఆమోదించింది ఇల్లినాయ్. అప్పటికి కోల్స్ బతికే ఉన్నాడు.